ప్రొటీన్‌కి బొట్టు ఎక్కడ పెట్టాలి?

‘బయోటినిలేటెడ్ హ్యూమన్ పీడీ-ఎల్1, హిస్-అవి ట్యాగ్, హెచ్‌ఈకే 293, 25 మైక్రోగ్రాములు.’

చూస్తే వైఫై పాస్‌వర్డ్‌లా ఉంది కదా? కాదు. క్యాన్సర్ మీద పరిశోధన చేసే ల్యాబుల ఫ్రీజర్లలో చిటికెన వేలంత సీసాలు ఉంటాయి. వాటి మీద లేబుల్ దాదాపు ఇలాగే ఉంటుంది. లోపల ఏముందా అని చూస్తే అడుగున తెల్లటి పొర, అదీ ఉండీ లేనట్టు. గ్రాము లెక్కన ధర కడితే దాని ముందు బంగారం కందిపప్పుతో సమానం.

నేను ఎంపీసీ బ్యాచ్. బయాలజీకి టెన్త్‌లోనే టాటా చెప్పేశాను. కానీ నా ఫ్లాట్‌మేట్ జీనోమ్ వ్యాలీలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాడు. రాత్రి భోజనాల దగ్గర నేను సర్వర్ల గొడవ చెబుతుంటే వాడు ఈ సీసాల గొడవ చెబుతాడు. ఒకరోజు ఆ లేబుల్ పేరుని, మా ఆఫీసులో పెద్ద ఫైల్ పేరుని విడదీసినట్టు, ముక్కలు చేసి చెప్పమన్నాను. ఒక్కో ముక్క వెనకా ఎవరో ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఉందని తెలిసింది. ఆ నిర్ణయాల్లో ఒక్కటి తేడా కొట్టినా స్క్రీన్ మీద అంకె మాత్రం చక్కగానే వస్తుంది. అది నిజం అంకె కాదు, అంతే.

ఈ వారం ఆ లేబులే మనకి పాఠం. చివర్లో మీ ఇంట్లో ఉన్న ఒక సీసా దగ్గరికి కూడా వెళ్దాం.

డ్రైవింగ్ స్కూల్ కారు

ముందు ‘పీడీ-ఎల్1’ సంగతి. మన ఒంట్లో టీ కణాలు ఉంటాయి. వైరస్ పట్టిన కణాల్ని, దారి తప్పిన కణాల్ని వెతికి చంపడం వాటి డ్యూటీ. అయితే ఇష్టమొచ్చినట్టు చంపుతూ పోతే మంచి కణాలు కూడా పోతాయి. అందుకే టీ కణం మీద పీడీ-1 అనే బ్రేక్ ఉంటుంది.

డ్రైవింగ్ స్కూల్ కారు గుర్తుందా? స్టీరింగ్ మన చేతిలోనే ఉంటుంది. పక్క సీట్లో మాస్టారి కాళ్ల దగ్గర మాత్రం ఇంకో బ్రేక్ ఉంటుంది. మనం ఎవరినైనా గుద్దబోతే ఆయన తొక్కేస్తాడు. పీడీ-1 అలాంటి రెండో బ్రేక్. దాన్ని తొక్కే కాలు పేరే పీడీ-ఎల్1. మామూలు కణాలు అవసరమైనప్పుడు పీడీ-ఎల్1 చూపించి ‘ఆగు, నేను మనవాణ్ణే’ అంటాయి. చాలా రకాల క్యాన్సర్ కణాలు ఈ కిటుకు పట్టేశాయి. మాస్టారి సీట్లో అవే కూర్చుని బ్రేక్ తొక్కిపెడతాయి. టీ కణం పక్కనే ఉంటుంది, చూస్తూనే ఉంటుంది, ముందుకి మాత్రం కదలదు.

ఇలాంటి బ్రేకుల్నే ఇమ్యూన్ చెక్‌పాయింట్లు అంటారు. పీడీ-1ని 1992లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీలో తసుకు హోంజో బృందం కనిపెట్టింది. దాని మీదికి వచ్చే కాలు పీడీ-ఎల్1 అని 2000లో తేలింది. ఆ కాలికి, బ్రేక్‌కి మధ్య అడ్డం పెట్టే యాంటీబాడీ మందులు పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ 2014లో అమెరికాలో అనుమతి పొందాయి. సీటీఎల్ఏ-4 అనే ఇంకో బ్రేక్ మీద పనిచేసిన జేమ్స్ అలిసన్‌కీ, హోంజోకీ కలిపి 2018లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కి 90 ఏళ్ల వయసులో, 2015లో, మెలనోమా అనే క్యాన్సర్ మెదడు దాకా పాకింది. సర్జరీ, రేడియేషన్‌తో పాటు పెంబ్రోలిజుమాబ్ కూడా ఇచ్చారు. అదే ఏడాది డిసెంబర్‌లో స్కాన్‌లో క్యాన్సర్ కనిపించడం లేదని ఆయనే చెప్పారు. నూరేళ్లు నిండాక 2024లో కన్నుమూశారు. అందరికీ ఇలా జరగదు. ఈ మందులు చాలామందిలో పనిచేయవు కూడా. ఎవరిలో పనిచేస్తాయి, ఇంకా మంచి మందు ఎలా తయారుచేయాలి అనేదే ఇప్పుడు ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే మన సీసా.

293వ ప్రయత్నం

కాలికి, బ్రేక్‌కి మధ్య ఏం జరుగుతుందో చూడాలంటే ముందు అవి రెండూ చేతిలో ఉండాలి. పేషెంట్ దగ్గర నుంచి తీస్తే సరిపోయేంత రాదు, శుభ్రంగానూ రాదు. అందుకని ఆ ప్రొటీన్ తయారీ సూచనలున్న జీన్‌ని వేరే కణాల్లో పెడతారు. ఆ కణాలు ప్రొటీన్‌ని తయారుచేసి ఇస్తాయి. కోడ్‌ని కాపీ చేసి వేరే సర్వర్ మీద రన్ చేసినట్టన్నమాట. ఇలా వచ్చినదాన్ని రీకాంబినెంట్ ప్రొటీన్ అంటారు.

ఇది మనకి కొత్తేం కాదు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి వ్యాక్సిన్ షాన్‌వాక్-బి ఇలాంటిదే. వైరస్ పైపొర ప్రొటీన్‌ని ఈస్ట్ కణాల్లో తయారుచేశారు. మీరు తొంభైల చివర్లో పుట్టిన బాపతైతే మీ భుజమో తొడో ఒక రీకాంబినెంట్ ప్రొటీన్‌ని ఈపాటికే చూసి ఉండొచ్చు.

మరి మన లేబుల్ మీద ఈస్ట్ అని లేదు, హెచ్‌ఈకే 293 అని ఉంది. అది మనిషి మూత్రపిండ కణాల నుంచి 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పుట్టిన కణాల వంశం. ఫ్రాంక్ గ్రాహం అనే శాస్త్రవేత్త నోట్‌బుక్‌లో అది 293వ ప్రయోగం, అందుకే ఆ అంకె. ఫెయిలైన బిల్డ్ నంబర్లు చూసి నీరసపడే మా లాంటి వాళ్లు ఆ అంకెని డెస్క్ మీద అతికించుకోవచ్చు.

మనిషి కణాలే ఎందుకంటే, మన కణాలు ప్రొటీన్ తయారుచేశాక దాని మీద అక్కడక్కడా చక్కెర గొలుసులు తగిలిస్తాయి. మామూలుగా ల్యాబుల్లో వాడే బ్యాక్టీరియా ఆ పని చేయదు. పీడీ-1 మీద అలాంటి గొలుసులు తగిలే చోట్లు నాలుగున్నాయి. చైనాలో 2019లో అనుమతి పొందిన కామ్రెలిజుమాబ్ అనే మందు పీడీ-1ని పట్టుకోవడంలో అందులో ఒక గొలుసుకి కూడా పాత్ర ఉంది. గొలుసు లేని పీడీ-1తో ఆ మందుని పరీక్షిస్తే? మందు మంచిదైనా మార్కులు తక్కువొస్తాయి. మందు మీద పెట్టిన పరీక్షలో ప్రశ్నపత్రమే తప్పన్నమాట.

నుదుటన పెట్టాలి, కంట్లో కాదు

ప్రొటీన్ చేతికొచ్చింది. ఇప్పుడు అసలు సమస్య, అది కంటికి కనిపించదు. పీడీ-1, పీడీ-ఎల్1 కలుసుకున్నాయో లేదో తెలియాలంటే రెండింట్లో ఒకదానికి గుర్తు పెట్టాలి. అదే లేబులింగ్. మన భాషలో బొట్టు పెట్టడం.

బొట్లు రకరకాలు. కొన్ని లైటు పడితే మెరుస్తాయి. వాటిలో బాగా వాడేది ఫైకోఎరిత్రిన్, ఎర్రటి సముద్రపు నాచుల నుంచి వచ్చే రంగు ప్రొటీన్. భలే మెరుస్తుంది కానీ బరువు సుమారు 2,40,000 డాల్టన్లు. పీడీ-ఎల్1 బయటి భాగం బరువు దాదాపు 25,000. అంటే నుదురు కంటే బొట్టే పదింతలు పెద్దది! బయోటిన్ అలా కాదు, 244 డాల్టన్లే. తనంతట తాను మెరవదు. కానీ స్ట్రెప్టావిడిన్ అనే ఇంకో ప్రొటీన్ కనబడితే వదలదు. ప్రకృతిలో ఇంత గట్టిగా పట్టుకునే జంటలు చాలా అరుదు. అందుకని ముందు చిన్న బయోటిన్ బొట్టు పెట్టి, ఆ తర్వాత మెరిసే స్ట్రెప్టావిడిన్‌ని పంపిస్తారు. అది వెతుక్కుంటూ వెళ్లి అంటుకుంటుంది.

బొట్టు ఏదైనా, ఎక్కడ పెట్టాలి అనేదే కీలకం. పాత పద్ధతిలో రసాయనం కలిపితే బయోటిన్ వెళ్లి ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కడ దొరికితే అక్కడ అంటుకుంటుంది. పీడీ-1లో, పీడీ-ఎల్1ని పట్టుకునే ముఖం మీద కూడా లైసిన్లున్నాయి. అక్కడ అంటుకుందంటే కంట్లో కుంకుమ పడ్డట్టే. ఆ ప్రొటీన్ ఇక దేన్నీ సరిగా పట్టుకోలేదు.

మా ఫీల్డ్‌లో దీనికి సరిగ్గా సరిపోయే తలనొప్పి ఒకటుంది. ప్రోగ్రాంలో బగ్ ఉంటుంది. ఏం జరుగుతోందో చూద్దామని ఒక ప్రింట్ లైను పెడతాం. అంతే, బగ్ మాయం! ఆ ఒక్క లైను వల్ల టైమింగ్ మారిపోయి అసలు పరిస్థితే మారిపోతుంది. లైను తీసేస్తే బగ్ మళ్లీ ప్రత్యక్షం. చూడ్డానికి పెట్టిన దీపమే బొమ్మని మార్చేస్తే ఇక ఏం చూస్తాం?

లేబుల్ మీది ‘అవి ట్యాగ్’ దీనికి జవాబు. జీన్ రాసేటప్పుడే ప్రొటీన్ ఒక కొసన 15 అమైనో ఆమ్లాల చిన్న తోక కలుపుతారు. అందులో లైసిన్ ఒకే ఒక్కటి. ఈ-కోలై బ్యాక్టీరియాలో బిర్-ఏ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఆ తోకనే గుర్తుపట్టి, ఆ ఒక్క లైసిన్ మీదే, ఒకే ఒక్క బయోటిన్‌ని పెడుతుంది. ప్రతి ప్రొటీన్‌కీ ఒకటే బొట్టు, అదీ ఒకే చోట, ముఖానికి దూరంగా. ‘హిస్’ అంటే ఆరు హిస్టిడిన్ల ఇంకో చిన్న తోక. గందరగోళంలోంచి ఈ ప్రొటీన్‌ని నికెల్ పూసలతో వేరుచేసి శుద్ధి చేయడానికి అది పట్టుకొమ్మ.

ఇంకో లాభం కూడా ఉంది. పీడీ-1, పీడీ-ఎల్1 ఒకదాన్నొకటి పట్టుకునేది చాలా వదులుగా. జంటగా వదిలేస్తే సెకను తిరక్కుండానే విడిపోతాయి. అంత త్వరగా విడిపోయేదాన్ని మిషన్‌లో చూడ్డం కష్టం. స్ట్రెప్టావిడిన్‌కి బయోటిన్ పట్టే గుంటలు నాలుగుంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో పీడీ-ఎల్1 కూర్చుంటే నాలుగు చేతుల గుంపు తయారవుతుంది. ఒక చెయ్యి జారినా మిగతావి పట్టుకునే ఉంటాయి. చేలగట్టు మీద నడిస్తే ప్యాంటుకి అంటుకునే గడ్డిముళ్లు ఇంతే కదా. ఒక్కో కొక్కెం బలం ఏపాటిది? అన్నీ కలిస్తే మాత్రం ఇంటిదాకా వస్తాయి.

రంగు రాకపోతే పండగే, కానీ...

ఇప్పుడు ఈ సీసాతో కొత్త మందుని ఎలా వెతుకుతారో చూడండి. 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు తీసుకుంటారు, మన గుంతపొంగణాల పెనంలా ఉంటుంది. గుంటల అడుగున పీడీ-1 పూస్తారు. పైనుంచి బొట్టు పెట్టిన పీడీ-ఎల్1 పోస్తారు, దాంతోపాటే ఒక్కో గుంటలో ఒక్కో కొత్త యాంటీబాడీ. కాసేపు ఆగి కడిగేస్తారు. పీడీ-1ని పట్టుకున్న పీడీ-ఎల్1 నిలుస్తుంది, మిగతాది కొట్టుకుపోతుంది. తర్వాత ఎంజైమ్ తగిలించిన స్ట్రెప్టావిడిన్, ఆ తర్వాత రంగు మారే ద్రవం. బొట్టు ఉన్నచోట నీలం రంగు తేలుతుంది.

నీలం వచ్చిందంటే కాలు బ్రేక్ తొక్కింది, ఆ యాంటీబాడీ ఆపలేకపోయింది. రంగు రాలేదంటే ఆపింది! అంటే ఇక్కడ ఏమీ కనిపించకపోవడమే శుభవార్త.

ఇక్కడే కాస్త ఆగండి. రంగు రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. బొట్టు తప్పు చోట పడి పీడీ-ఎల్1 ముందే పనికిరాకుండా పోయి ఉండొచ్చు. ఫ్రీజర్లోంచి పదేపదే తీసి పెట్టడం వల్ల పాడైపోయి ఉండొచ్చు. అప్పుడు ఏ యాంటీబాడీ పోసినా రంగు రాదు, ప్రతిదీ అద్భుతమైన మందులాగే కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో దేన్నీ చెక్ చేయని టెస్ట్ ఎప్పుడూ పచ్చగానే పాసవుతుంది. చూసినవాళ్లకి భలే ధైర్యం, అంతే.

అందుకే బుద్ధున్న ప్లేటులో మందు పోయని గుంటలు కొన్ని తప్పకుండా ఉంటాయి. అక్కడ రంగు రావాల్సిందే. ఇప్పటికే పనిచేస్తుందని తెలిసిన మందు పోసిన గుంటలూ ఉంటాయి. అక్కడ రంగు తగ్గాల్సిందే. పూర్తిగా చచ్చిన ప్రొటీన్‌ని ఈ గుంటలు పట్టిస్తాయి. సగం మాత్రమే పాడైతే పట్టుకోవడం కష్టం, రంగు వస్తుంది కానీ కొంచెం తగ్గుతుంది, మందు కొంచెం గొప్పగా కనిపిస్తుంది. ఆ ‘కొంచెం’ మీద నమ్మకంతో నెలల పని, తర్వాత ఎలుకల ప్రయోగాలు, ఎన్నో కోట్లు ముందుకి కదులుతాయి. మా ఫ్లాట్‌మేట్ కొత్త సీసా వచ్చిన ప్రతిసారీ పాత సీసాతో పక్కపక్కన పెట్టి పోల్చాకే వాడతాడు. మొదట్లో నాకది చాదస్తంలా అనిపించేది.

గుర్తు మారితే అంకె మారుతుంది

ఇది ల్యాబు వరకే అనుకోకండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్ రిపోర్టులో ‘పీడీ-ఎల్1 ఇంత శాతం’ అని రాస్తారు. కణితి ముక్క మీద పీడీ-ఎల్1ని గుర్తుపట్టే యాంటీబాడీ వేసి, ఎన్ని క్యాన్సర్ కణాలకి రంగు పట్టిందో లెక్కేస్తారు. ఇక్కడ గుర్తుపట్టేది యాంటీబాడీ, సూత్రం మాత్రం అదే. కొన్ని సందర్భాల్లో 50 శాతం అనే గీత దాటితే కీమో లేకుండా పెంబ్రోలిజుమాబ్ ఒక్కదానితోనే మొదలుపెట్టే వీలుంటుంది. అంటే ఆ అంకె మీద ఒక మనిషి చికిత్స ఆధారపడి ఉంది.

బ్లూప్రింట్ అనే పేరుతో కొన్ని కంపెనీలు, క్యాన్సర్ నిపుణుల సంఘాలు కలిసి దీన్ని పరీక్షించాయి. 2017లో ఫలితాలొచ్చాయి. 39 ఊపిరితిత్తుల కణితుల్ని తీసుకుని, ఒక్కోదాన్ని నాలుగు రకాల పీడీ-ఎల్1 పరీక్షలతో చూశారు. మూడు పరీక్షలు దాదాపు ఒకేలా చెప్పాయి. నాలుగోది మాత్రం తక్కువ క్యాన్సర్ కణాలకే రంగు పట్టించింది. కణితి అదే, మనిషి అదే, అంకె వేరు. అందుకే ఇంట్లో ఎవరిదైనా ఇలాంటి రిపోర్టు చూస్తే శాతంతో పాటు ఏ పరీక్షతో చేశారో కూడా డాక్టర్ని అడగండి. అది అనుమానించడం కాదు, కొలతబద్ద ఏదో తెలుసుకోవడం.

మీ అల్మరాలో ఉన్న బొట్టు

ఇక చివర్లో చెబుతానన్న సీసా. జుట్టు రాలుతోందని మీరో, మీ ఫ్రెండో వేసుకునే గమ్మీలు, టాబ్లెట్లు ఉంటాయి కదా. వెనక్కి తిప్పి చదవండి. ‘బయోటిన్’ అని ఉంటుంది. అవును, ఇప్పటిదాకా మనం చెప్పుకున్న ఆ బొట్టే. విటమిన్ బీ-7 అని ఇంకో పేరు. పెద్దవాళ్లకి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు. మార్కెట్లో చాలా టాబ్లెట్లలో 10 మిల్లీగ్రాములుంటుంది, అంటే 333 రెట్లు.

మన డయాగ్నస్టిక్ సెంటర్లలో కొన్ని రక్తపరీక్షల మిషన్లు బయోటిన్-స్ట్రెప్టావిడిన్ జంట మీదే నడుస్తాయి. రక్తంలో అవసరానికి మించి బయోటిన్ తిరుగుతుంటే ఏమవుతుంది? పండగ సీజన్లో ఆర్టీసీ బస్సు ఊహించుకోండి. కిటికీలోంచి సీట్లన్నింటి మీదా ఎవరో కర్చీఫులు వేసేశారు. రిజర్వేషన్ ఉన్న ప్రయాణికుడికి సీటు లేదు, దిగిపోయాడు. అలా స్ట్రెప్టావిడిన్ సీట్లన్నీ టాబ్లెట్‌లోని బయోటిన్ ఆక్రమిస్తే, పరీక్షకి కావాల్సిన బొట్టు కడిగేటప్పుడు కొట్టుకుపోతుంది. అలాంటి మిషన్ మీద థైరాయిడ్ పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించొచ్చు. లేని హైపర్ థైరాయిడ్ కాగితం మీద తయారవుతుంది. అన్ని మిషన్లూ ఇలా ఉండవు, డిజైన్ మార్చిన కంపెనీలూ ఉన్నాయి. కానీ మీ శాంపిల్ ఏ మిషన్‌లోకి వెళ్తుందో మీకు తెలియదు కదా.

ఇది థైరాయిడ్‌తోనే ఆగదు. గుండెపోటుని పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలా తప్పుగా తక్కువ చూపించొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబర్‌లో దీని మీద హెచ్చరిక జారీ చేసింది. బయోటిన్ బాగా ఎక్కువ మోతాదులో తీసుకుంటున్న ఒక పేషెంట్‌కి ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వచ్చిందని, ఆ మనిషి చనిపోయారని అందులో ఉంది.

ఇప్పుడు మన కథలో రెండు దారులూ ఒకచోట కలుస్తాయి. పీడీ-1 మీద పనిచేసే మందులు బ్రేక్ తీసేస్తాయి కాబట్టి కొందరిలో టీ కణాలు సొంత థైరాయిడ్ మీదే పడతాయి. అందుకే ఈ మందులు తీసుకునేవాళ్లకి డాక్టర్లు మధ్యమధ్యలో థైరాయిడ్ పరీక్షలు చేయిస్తుంటారు. చికిత్సతో జుట్టు పోయిందని ఇంట్లోవాళ్లు ప్రేమగా తెచ్చిన బయోటిన్ టాబ్లెట్ ఆ పేషెంట్ వేసుకుంటుంటే, మందు వల్ల వచ్చిన తేడా ఏదో, టాబ్లెట్ వల్ల కాగితం మీద వచ్చిన తేడా ఏదో డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది? ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

కాబట్టి చేయాల్సింది చిన్న పనే. రక్తం ఇచ్చే ముందు ‘నేను బయోటిన్ వాడుతున్నాను, రోజుకి ఇంత’ అని ల్యాబ్‌లోనూ డాక్టర్‌కీ చెప్పండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో మీ మోతాదుని బట్టి వాళ్లే చెబుతారు. డాక్టర్ రాసిచ్చిన మందైతే మీ అంతట మీరు ఆపకండి. గమ్మీలు, మల్టీవిటమిన్లు, ‘హెయిర్, స్కిన్, నెయిల్స్’ అని రాసున్న పౌడర్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. చాలామంది వాటిని మందులే అనుకోరు కాబట్టి అడిగినా చెప్పరు.

ఈ కాలమ్ చదవడం అయ్యాక ఫోన్ పక్కన పెట్టి ఒకసారి ఆ సీసా వెనక వైపు చదవండి. అమ్మకో అక్కకో వచ్చేవారం థైరాయిడ్ టెస్ట్ ఉంటే, వాళ్ల సీసా కూడా.